హైదరాబాద్ మిక్స్

హైదరాబాద్ మిక్స్ అనునది గోధుమలు, శనగలు, వేరుశనగ పప్పులు, బెల్లం కలిపి తయారు చేసే ఒక పొడి ఆహార మిశ్రమం. పోషకాహార లోపంతో బాధపడే చిన్నపిల్లల కొరకు హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ దీనిని రూపొందించింది. ఇందులోని పదార్థాలన్నీ సాధారణ కిరాణా దుకాణంలో దొరికేవే. తయారీకి యంత్రాలు అవసరం లేదు. ధాన్యాన్ని, పప్పులను ముందుగానే వేయించి పొడి చేసి ఉంచుతారు కనుక, బిడ్డకు ఆకలి వేసినప్పుడు కాచిన నీటిలోగాని పాలలోగాని కలిపి కొద్ది నిమిషాలలో తినిపించవచ్చును. భారతదేశంలోని వైద్య, పోషకాహార శాస్త్ర పాఠ్యపుస్తకాలలో తక్కువ ఖర్చుతో ఇంటివద్దనే చేసుకోగల ఆహార మిశ్రమాలకు దీనిని ఉదాహరణగా చూపుతారు.

చరిత్ర

జాతీయ పోషకాహార సంస్థకు మూలం 1918లో తమిళనాడులోని కూనూరులో రాబర్ట్ మెకారిసన్ ప్రారంభించిన బెరిబెరి పరిశోధన విభాగం. 1928లో అది పోషకాహార పరిశోధనాలయంగా మారింది. 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది. స్వర్ణోత్సవాల సందర్భంగా 1969లో ప్రస్తుత నామాన్ని పొందింది. ఈ సంస్థ భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యంలో పనిచేస్తున్నది.

1950, 1960 దశకాలలో పేద దేశాల పిల్లల బలహీనతకు ముఖ్య కారణం మాంసకృత్తుల కొరత అని అంతర్జాతీయ సంస్థలు భావించేవి. ఐక్యరాజ్య సమితి 1955లో మాంసకృత్తుల సలహా బృందాన్ని ఏర్పాటు చేసింది. పాలపొడి, చేపల పొడి, నూనె తీసిన గింజల పిండి వంటి వాటితో ప్రత్యేక ఆహారాలు తయారు చేయడమే పరిష్కారమని ప్రచారం జరిగింది. ఇటువంటి ఆహారాలు చాలావరకు కర్మాగారాలలో తయారు కావలసినవి, లేదా దిగుమతి చేసుకోవలసినవి.

హైదరాబాదులోని శాస్త్రవేత్తల పరిశీలన ఇందుకు భిన్నంగా ఉన్నది. ఈ ప్రాంతపు పిల్లలు తినే ధాన్యం, పప్పు కలిసిన భోజనంలో మాంసకృత్తుల పాలు అంత తక్కువేమీ కాదని, అసలు వారికి ఆ భోజనమే చాలినంత అందడం లేదని వారు వాదించారు. శరీరానికి కావలసినంత శక్తి లభించనప్పుడు తిన్న మాంసకృత్తులు కూడా ఎదుగుదలకు కాక శక్తి కొరకే ఖర్చవుతాయి. సి.గోపాలన్, ఆయన సహచరులు 1973లో ప్రచురించిన పరిశోధన దీనికి బలం చేకూర్చింది. హైదరాబాదు పరిసర గ్రామాలలో 1 నుండి 5 సంవత్సరాల పిల్లలకు వారు 14 నెలలపాటు గోధుమపిండి, చక్కెర, నూనెలతో చేసిన అదనపు ఆహారాన్ని అందించారు. అందులో రోజుకు 310 కిలో కేలరీల శక్తి ఉన్నప్పటికీ మాంసకృత్తులు 3 గ్రాములు మాత్రమే. అయినా ఆ పిల్లలు ఎత్తులోను, బరువులోను ఇతర పిల్లలకంటె మెరుగుగా పెరిగారు. మరుసటి సంవత్సరం, అనగా 1974లో, డొనాల్డ్ మెక్‌లారెన్ ఒక ప్రసిద్ధ వైద్య పత్రికలో మాంసకృత్తుల కొరత సిద్ధాంతాన్ని తీవ్రంగా విమర్శించాడు.

హైదరాబాద్ మిక్స్ ఈ ఆలోచనా ధోరణికి చెందినది. ఖరీదైన ప్రత్యేక ఆహారం కోసం ఎదురుచూడకుండా, ఇంట్లో ఉన్న తిండిగింజలనే తగు పాళ్ళలో కలిపి, పసిబిడ్డ చిన్న పొట్టలో పట్టే కొద్ది పరిమాణంలో ఎక్కువ శక్తిని ఇమడ్చడం దీని లక్ష్యం.

పదార్థాలు, పోషక విలువలు

ప్రామాణికంగా చెప్పబడే కొలతలు ఇవి:

గోధుమలు: 40 గ్రాములు
శనగలు: 16 గ్రాములు
వేరుశనగ పప్పులు: 10 గ్రాములు
బెల్లం: 20 గ్రాములు

మొత్తం 86 గ్రాముల ఈ మిశ్రమం నుండి సుమారు 330 కిలో కేలరీల శక్తి, 11.3 గ్రాముల మాంసకృత్తులు లభిస్తాయి. శక్తిలో దాదాపు 140 కిలో కేలరీలు గోధుమల నుండి, 60 చొప్పున శనగలు, వేరుశనగల నుండి, మిగిలినది బెల్లం నుండి వస్తుంది. గోధుమల తూకంలో నాలుగవ వంతు మాత్రమే ఉన్న వేరుశనగలు అంత శక్తిని ఇవ్వడానికి కారణం వాటిలోని నూనె. వాటి బరువులో సుమారు 40 నుండి 50 శాతం నూనె ఉంటుంది. ఒక గ్రాము పిండిపదార్థం సుమారు 4 కిలో కేలరీలను ఇస్తే, ఒక గ్రాము కొవ్వు 9 ఇస్తుంది.

గోధుమ, శనగల కలయికకు మరొక ప్రయోజనం ఉన్నది. మాంసకృత్తులు అమైనో ఆమ్లాలతో నిర్మితమవుతాయి. ధాన్యాలలో లైసిన్ అనే అమైనో ఆమ్లం తక్కువ, పప్పులలో అది ఎక్కువ. పప్పులలో తక్కువగా ఉండే మిథియోనిన్ ధాన్యాలలో లభిస్తుంది. రెండింటినీ కలిపి తిన్నప్పుడు ఒకదాని లోటును మరొకటి పూరిస్తుంది. అన్నంలో పప్పు కలుపుకొనే అలవాటులోను, ఇడ్లీ, పెసరట్టు ఉప్మా వంటి వంటకాలలోను కనిపించేది ఈ సూత్రమే.

పొడిగా ఉంచడంలోని ప్రయోజనం

సూక్ష్మజీవులు పెరగడానికి నీరు అవసరం. వండిన అన్నం, జావ వంటివి ఎండాకాలంలో కొద్ది గంటలలోనే పాడవడానికి కారణం వాటిలోని నీరే. బాగా వేయించిన ధాన్యపు పొడిలో తేమ చాలా తక్కువగా ఉంటుంది కాబట్టి, గాలి చొరబడని డబ్బాలో ఉంచితే శీతల యంత్రం లేకుండానే వారాల తరబడి నిలువ ఉంటుంది. తినే సమయంలోనే నీరు చేర్చడం వలన పాడయ్యే వ్యవధి ఉండదు.

దీనికంటె ముఖ్యమైన ప్రయోజనం సమయానికి, వంటచెరకుకు సంబంధించినది. పసిపిల్లల పొట్ట చిన్నది. పెద్దలవలె రెండు పూటలు తిని సరిపెట్టుకోవడం వారికి సాధ్యం కాదు. 6 నుండి 8 నెలల బిడ్డకు తల్లిపాలతో పాటు రోజుకు 2 లేదా 3 సార్లు, 9 నెలలు నిండిన తరువాత 3 లేదా 4 సార్లు ఘనాహారం ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. పొలం పనికో కూలి పనికో వెళ్ళే తల్లి ఉదయం వండిన వంటే సాయంత్రం వరకు ఉంటుంది. మధ్యలో బిడ్డకోసం మళ్ళీ పొయ్యి రాజేయడం కష్టం. ఇంట్లో ఆహారం ఉండి కూడా బిడ్డ ఆకలితో ఉండడానికి ఇది ఒక కారణం. పొడి మిశ్రమం విషయంలో వంట పని నెలకు ఒకటి రెండు సార్లు మాత్రమే ఉంటుంది. తరువాత అవ్వగాని, తాతగాని, పెద్ద పిల్లలుగాని శుభ్రంగా కలిపి తినిపించగలరు.

తయారీ విధానం

ఇంటి వాడకానికి పై కొలతలను పది రెట్లు తీసుకోవడం అనుకూలంగా ఉంటుంది. అనగా గోధుమలు 400 గ్రాములు, శనగలు 160 గ్రాములు, వేరుశనగ పప్పులు 100 గ్రాములు, బెల్లం 200 గ్రాములు. దీనితో 860 గ్రాముల పొడి వస్తుంది. వేయించేటప్పుడు కొంత తేమ పోవడం వలన తూకం స్వల్పంగా తగ్గుతుంది.

మొదట గింజలలోని మట్టిని, రాళ్ళను, పుచ్చులను ఏరివేయాలి. గోధుమలను కడిగితే ఎండలో పూర్తిగా ఆరబెట్టిన తరువాతనే వేయించాలి. ఒక్కొక్క గింజ వేగే సమయం వేరు కాబట్టి అన్నింటినీ కలిపి కాక, విడివిడిగా వేయించాలి. మందపాటి మూకుడులో సన్నని సెగపై గోధుమలను కమ్మని వాసన వచ్చి, నోట వేసుకుంటే కరకరలాడే వరకు వేయించాలి. శనగలను కూడా అదే విధంగా వేయించి, పొట్టు తీయాలి. శనగలకు బదులు పుట్నాల పప్పును వాడితే అది ముందే వేగినది కనుక కొద్దిగా వెచ్చచేస్తే చాలును. వేరుశనగ పప్పులను వేయించి, చల్లారిన తరువాత చేతితో నలిపి పొట్టు చెరగాలి.

వేయించడం వలన రుచి, వాసన రావడమే కాక మరి మూడు పనులు జరుగుతాయి. గింజలలో మిగిలిన తేమ పోతుంది. పురుగుల గుడ్లు, చాలావరకు సూక్ష్మజీవులు నశిస్తాయి. మాంసకృత్తుల జీర్ణక్రియకు అడ్డుపడే కొన్ని పదార్థాలు పచ్చి పప్పులలో ఉంటాయి, అవి వేడికి చాలావరకు నిర్వీర్యమవుతాయి. అయితే మాడేవరకు వేయించరాదు. అధిక వేడికి లైసిన్ నష్టమై, గోధుమ, శనగల కలయిక వలన కలిగే మేలు తగ్గిపోతుంది.

అన్నీ పూర్తిగా చల్లారిన తరువాత గోధుమలను, శనగలను మెత్తగా పొడి చేసి జల్లించాలి. వేడిగా ఉన్నప్పుడు పొడి చేసి మూత పెడితే ఆవిరి చెమ్మగా మారి పొడి గడ్డకడుతుంది. వేరుశనగలను ఎక్కువసేపు రుబ్బితే నూనె బయటికి వచ్చి ముద్ద అవుతాయి. అందుచేత వాటిని కొద్దిగా గోధుమపిండితో కలిపి, ఆపి ఆపి పొడి చేయాలి. బెల్లాన్ని సన్నగా తురిమి, ఆరబెట్టి, చివరగా కలపాలి. గిర్నీలో పట్టించేటట్లయితే అంతకుముందు మిరపకాయలు, పసుపు వంటివి పట్టలేదని చూసుకోవాలి.

నిల్వ చేయడం

తడిలేని, బిగుతైన మూత ఉన్న డబ్బాలో పొడిని నింపి, పొయ్యికి, కిటికీ ఎండకు దూరంగా ఉంచాలి. డబ్బాపై తయారు చేసిన తేదీ రాసి ఉంచుట మంచిది. పొడిని తీయడానికి ఎల్లప్పుడు పొడి చెంచానే వాడాలి. తడి చెంచాతో చేరే కొద్దిపాటి నీరే బూజుకు చాలును.

ఈ మిశ్రమంలో త్వరగా పాడయ్యేవి రెండు. మొదటిది బెల్లం. అది గాలిలోని చెమ్మను పీల్చుకుంటుంది. వానాకాలంలో బెల్లాన్ని వేరొక డబ్బాలో ఉంచి, తినిపించేటప్పుడు కలుపుకోవడం మేలు. రెండవది వేరుశనగ. పొడి చేసిన తరువాత అందులోని నూనెకు గాలి తగిలి క్రమంగా చేదు రుచి, పాత నూనె వాసన వస్తాయి. కావున ఒకేసారి నెలకు మించి సరిపడా చేసుకోరాదు. వాసన మారినా, గడ్డకట్టినా, పురుగు పట్టినా ఆ పొడిని పారవేయాలి.

అఫ్లటాక్సిన్ ప్రమాదం

వేరుశనగ, మొక్కజొన్నలను సరిగా ఎండబెట్టకుండా నిలువ చేస్తే వాటిపై ఆస్పర్జిల్లస్ అనే బూజు పెరుగుతుంది. ఇది అఫ్లటాక్సిన్ అనే విషాన్ని తయారు చేస్తుంది. 1960లో ఇంగ్లండులో వేరుశనగ పిండి తిన్న టర్కీ కోళ్ళు వేల సంఖ్యలో చనిపోయినప్పుడు జరిపిన పరిశోధనలో ఈ విషం బయటపడింది. భారతదేశంలో 1974లో రాజస్థాన్, గుజరాత్ సరిహద్దు గ్రామాలలో బూజుపట్టిన మొక్కజొన్నలు తిని కాలేయ వ్యాధికి గురైనవారిలో 106 మంది మరణించారు. దీనిపై జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు అధ్యయనం చేశారు.

ఇంట్లో వేయించే వేడికి అఫ్లటాక్సిన్ పూర్తిగా నశించదు. అందువలన ముడుచుకుపోయిన, రంగు మారిన, బూజు వాసన వచ్చే పప్పులను ముందే ఏరివేయడమే మార్గం. పెద్దలకు మిగిలిపోయిన నాసిరకం గింజలతో పిల్లల పొడిని తయారు చేయుట ప్రమాదకరం.

తినిపించే విధానం

బిడ్డకు 6 నెలలు నిండేవరకు తల్లిపాలు మాత్రమే ఇవ్వాలి. ఈ పొడి తల్లిపాలకు ప్రత్యామ్నాయం కాదు. 6 నెలల తరువాత, తల్లిపాలను కొనసాగిస్తూ, అదనపు ఆహారంగా దీనిని మొదలుపెట్టవచ్చును.

రెండు మూడు పెద్ద చెంచాల పొడిని కాచి గోరువెచ్చగా చల్లార్చిన నీటిలోగాని పాలలోగాని ఉండలు కట్టకుండా కలపాలి. చెంచాను వంచినప్పుడు ఒక్కసారిగా జారిపోకుండా నిలిచేంత చిక్కగా ఉండాలి. పలుచని జావతో పొట్ట నిండుతుందేగాని శక్తి అందదు. పొడిని పొడిగానే నోటిలో వేయరాదు, ఊపిరితిత్తులలోకి పోయే ప్రమాదం ఉన్నది. కలిపిన ఆహారాన్ని వెంటనే తినిపించాలి. మిగిలినదానిని తరువాతి పూటకు దాచరాదు. కలిపేవారు, తినిపించేవారు సబ్బుతో చేతులు కడుక్కోవాలి. పొడి ఎంత శుభ్రమైనదైనా కలిపే నీరు కలుషితమైతే అతిసారం వస్తుంది. అతిసారం వచ్చిన బిడ్డ తిన్నదాని ఫలితం కోల్పోతుంది.

వేరుశనగ కొందరు పిల్లలకు సరిపడదు. మొదటిసారి చాలా కొద్దిగా ఇచ్చి చూడాలి. దద్దుర్లు, ముఖం వాపు, ఆయాసం కనిపిస్తే ఆపి వెంటనే వైద్యుని వద్దకు తీసుకువెళ్ళాలి.

తెలుగు ఇళ్ళలో ఇటువంటి పొడులు

వేయించి దంచి దాచుకునే పొడి తెలుగువారికి కొత్తది కాదు. బియ్యం, కందిపప్పు, పెసరపప్పు వంటివి కడిగి, ఆరబెట్టి, వేయించి రవ్వగా విసిరి, పసిపిల్లలకు వండిపెట్టేదే ఉగ్గు. తెలంగాణలో బతుకమ్మ పండుగ చివరి రోజైన సద్దుల బతుకమ్మకు నువ్వులు, పల్లీలు, పెసర్లు, మక్కలు మొదలైనవాటిని వేయించి, పొడిచేసి, బెల్లం లేదా చక్కెర కలిపి సత్తుపిండి చేస్తారు. పూజ తరువాత దానిని ఒకరికొకరు పంచుకుంటారు. పదార్థాల రీత్యా పల్లి సత్తుకు, హైదరాబాద్ మిక్స్‌కు దగ్గరి పోలిక ఉన్నది. పండుగనాటి ఈ పొడిలో ధాన్యం పాలు పెంచి కొలతలు స్థిరపరిస్తే పసిపిల్లల ఆహారానికి దగ్గరవుతుంది.

తెలంగాణ పల్లెలలో గోధుమ ప్రధాన పంట కాదు. దానికి బదులు జొన్నలు, మొక్కజొన్నలు, రాగులు వాడవచ్చును. పప్పు, వేరుశనగల పాళ్ళను మాత్రం తగ్గించరాదు. పొలం ఉన్న ఇంట్లో ఈ గింజలలో కొన్నైనా ఇంటి గాదె నుండే వస్తాయి. పొలం పోయిన కుటుంబాలు మాత్రం ప్రతి గింజనూ కొనుక్కోవాలి. సిద్దిపేట జిల్లా తొగుట మండలంలోని వేములఘాట్ ఇందుకు ఉదాహరణ. ఈ గ్రామం 2022 ఫిబ్రవరి 23న ప్రారంభించబడిన మల్లన్నసాగర్ జలాశయం క్రింద మునిగిపోయింది. గ్రామస్థులు గజ్వేల్ సమీపంలోని పునరావాస కాలనీకి తరలివెళ్ళారు. ఇటువంటి చోట్ల పిల్లల ఆహారం పంటపై కాక చేతిలోని డబ్బుపై ఆధారపడుతుంది. తక్కువ ధర పదార్థాలతో, విడిగా వంటచెరకు ఖర్చు లేకుండా పెట్టగల పొడికి అక్కడ మరింత ప్రాధాన్యం ఉంటుంది.

ఇతర పొడి మిశ్రమాలతో పోలిక

కేరళలోని తిరువనంతపురంలో శ్రీ అవిట్టం తిరునాళ్ ఆసుపత్రి పేరిట ప్రసిద్ధమైన సాట్ మిక్స్‌లో బియ్యం, గోధుమలు, మినుములు, చక్కెర ఉంటాయి. ఇందులో వేరుశనగ లేదు.

1975 అక్టోబరు 2న ప్రారంభమైన సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం క్రింద అంగన్‌వాడీ కేంద్రాల ద్వారా పిల్లలకు అనుబంధ ఆహారం అందజేస్తారు. తెలంగాణలో 7 నెలల నుండి 3 సంవత్సరాల పిల్లలకు ఇచ్చే బాలామృతం గోధుమలు, శనగపప్పు, పాలపొడి, చక్కెర, నూనెలతో, విటమిన్లు, ఖనిజాలు చేర్చి తయారవుతుంది. దీనిని ప్రభుత్వ సంస్థయైన తెలంగాణ ఫుడ్స్ ఉత్పత్తి చేస్తుంది. హైదరాబాద్ మిక్స్ ఇంట్లో తయారయ్యేది, బాలామృతం కర్మాగారంలో తయారై ఇంటికి చేరేది. రెండింటి ఆలోచన ఒకటే.

పాశ్చాత్య దేశాల ఇళ్ళలో ముందే కలిపి ఉంచుకునే బ్రౌనీ, కేకు పొడులు కూడా ఇదే కోవలోనివి. బ్రౌనీ పొడిలో మైదా, చక్కెర, కోకో, ఉప్పు కలిపి సీసాలో ఉంచుతారు. కావలసినప్పుడు గుడ్లు, వెన్న చేర్చి ఓవెన్‌లో కాలుస్తారు. పాడయ్యే పదార్థాలను చివరి నిమిషం వరకు దూరంగా ఉంచడమే ఇక్కడా సూత్రం. అయితే ఒక ముఖ్యమైన భేదం ఉన్నది. బ్రౌనీ పొడిలోని పిండి పచ్చిది. దానిని కాల్చకుండా తినరాదు, ఎందుకంటే పచ్చి పిండిలో హానికర సూక్ష్మజీవులు ఉండవచ్చును. హైదరాబాద్ మిక్స్‌లో వేడి చేయవలసిన పని ముందే ముగిసింది. పొయ్యి వెలిగించే వీలు లేని వేళలో తేడా ఇక్కడే తెలుస్తుంది.

పరిమితులు

ఈ మిశ్రమం శక్తిని, మాంసకృత్తులను అందిస్తుంది గాని సంపూర్ణాహారం కాదు. ఇందులో విటమిన్ ఎ, విటమిన్ సి, బి12 నామమాత్రం లేదా శూన్యం. ధాన్యాలు, పప్పులలోని ఫైటేట్లు ఇనుము, జింకులు ఒంటబట్టకుండా అడ్డుపడతాయి. కావున ఆకుకూరలు, పండ్లు, గుడ్డు, పాలు కూడా బిడ్డకు అందాలి. మొత్తం తూకంలో దాదాపు నాలుగవ వంతు బెల్లమే. బక్కచిక్కిన బిడ్డకు శక్తి పెంచడానికి అది ఉద్దేశించబడినది. చక్కెర ఎక్కువగా ఉన్న ఆహారాన్ని పసిపిల్లలకు ఇవ్వరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మార్గదర్శకాలు సూచిస్తున్నందున, ఆరోగ్యంగా పెరుగుతున్న పిల్లలకు బెల్లం తగ్గించడం లేదా మానివేయడం మంచిది.

తీవ్ర పోషకాహార లోపం వ్యాధి స్థితి. కాళ్ళ వాపు, ఆకలి లేకపోవడం, మగతగా ఉండడం, జ్వరం, ఆగని విరేచనాలు ఉన్న బిడ్డకు ఇంట్లో ఏ పొడీ చికిత్స కాదు. అటువంటి బిడ్డను పోషకాహార పునరావాస కేంద్రం ఉన్న ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి.

2019-21లో జరిగిన ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 5 సంవత్సరాలలోపు పిల్లలలో 33.1 శాతం వయసుకు తగిన ఎత్తు లేరు, 31.8 శాతం వయసుకు తగిన బరువు లేరు. ఆంధ్రప్రదేశ్‌లో ఇవి వరుసగా 31.2, 29.6 శాతం. ఈ పిల్లలలో అధికులు ఆసుపత్రిలో చేరవలసినంత జబ్బుపడినవారు కారు, రోజూ కొద్దికొద్దిగా తక్కువ తింటున్నవారు. హైదరాబాద్ మిక్స్ ఉద్దేశించబడినది ప్రధానంగా ఇటువంటి పిల్లల కొరకే.